కాటన్ దొర ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా?

సూరి_ధవళేశ్వరం

అందరికీ నమస్కారం అండి. మా ఇంట్లో ఒక వాదన మొదలై తెగట్లేదు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి ఇంటిపేరును ఇంగ్లీషులో పత్తికి రాసే అక్షరాలతోనే రాస్తారు కదా. మా బావగారేమో "వాళ్ళ తాతముత్తాతలు పత్తి వ్యాపారులై ఉంటారు, చేసే పనిని బట్టి ఇంటిపేరు రావడం మన దగ్గర మాత్రం లేదా" అంటారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "ఇంగ్లండులో పత్తి పండదు కదా మావయ్యా" అని అడిగింది. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా వైపు గోదావరిలో స్నానం చేసి "కాటనుం తం భగీరథం" అని శ్లోకం చదివేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తలుచుకునే మనిషి పేరుకి అర్థం తెలియకపోవడం నాకు వెలితిగా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఖమ్మం_శ్రీను

మీ బావగారు చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది అన్నా. పత్తి పండకపోతేనేం, వ్యాపారం ఉండొచ్చుగా. మాంచెస్టర్ బట్టల మిల్లుల గురించి చిన్నప్పుడు అందరం చదివినం. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. అట్లనే కాటన్ అంటే పత్తి. ఇందులో డౌటేముంది?

పాతకాగితం

శ్రీను గారూ, స్మిత్, టేలర్, బేకర్ గురించి మీరు చెప్పింది నిజం. అవి వృత్తి పేర్లు. కాటన్ మాత్రం ఊరి పేరు నుంచి వచ్చింది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు కాలం చూద్దాం. మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్‌లో పత్తి నేత మొదలైంది 1600 ప్రాంతంలో. ఆర్క్‌రైట్ అనే ఆయన క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో నీటితో నడిచే నూలు మిల్లు పెట్టింది 1771లో. 1600కి ముందు ఇంగ్లండు జనం ఎక్కువగా కట్టుకున్నది ఉన్ని, నార బట్టలే. 16వ శతాబ్దంలో "మాంచెస్టర్ కాటన్లు" అని అమ్మిన బట్ట కూడా నిజానికి ఉన్నిదే. ఇంగ్లండులో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి రావడం 1066లో నార్మన్లు గెలిచాక పెద్ద జమీందారుల కుటుంబాల్లో మొదలైంది. 1400 నాటికి మామూలు జనంలో కూడా చాలామందికి స్థిరపడింది. అంటే మిల్లుల పొగగొట్టాలు లేవడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే ఈ పేరు వాడుకలో ఉంది. 13వ శతాబ్దపు దస్తావేజుల్లో అది "డి కోటన్" అని కనిపిస్తుంది. ఆ "డి" అంటే "ఫలానా ఊరికి చెందిన" అని. వృత్తి పేరుకి ముందు అది పెట్టరు.

ఇక ఆ ఊరి పేరు. పాత ఇంగ్లీషులో "కొట్" అంటే గుడిసె, చిన్న ఇల్లు, తలదాచుకునే చోటు. "గుడిసెల దగ్గర" అని చెప్పాలంటే ఆ మాట "కొటుమ్" అయ్యేది. చివరి "ఉమ్" బహువచనంలో విభక్తి ప్రత్యయం. పలకగా పలకగా "ఉమ్" కాస్తా "ఉన్" అయి, "ఎన్" అయి, కోటన్, కాటన్, కాటమ్ లాంటి రూపాల్లో నిలిచిపోయింది. ఫలానా మనిషి ఎక్కడ ఉంటాడంటే "గుడిసెల దగ్గర" అనేవారు. అదే ఊరి పేరైంది, ఊరి పేరే ఇంటిపేరైంది.

ఖమ్మం_శ్రీను

ఇంటిపేరు ఊరి నుంచి వచ్చిందే అనుకుందాం. ఆ ఊరికి పత్తి వల్ల పేరు రాలేదని గ్యారంటీ ఏంది? ఇప్పుడు రెండు మాటలూ ఒకేలాగ రాస్తున్నరు కదా.

పాతకాగితం

మంచి ప్రశ్న. ఇలాంటి చోట పాత రాతలే దిక్కు. 1086లో విలియం రాజు దేశమంతా భూములు, పశువులు, మనుషుల లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే బుక్ అంటారు. మనకు కైఫీయతులు ఎలాగో వాళ్ళకు అది అలాగ. "కోట", "కోటెస్", "కోటున" లాంటి ఊళ్ళ పేర్లు అప్పటికే అందులో ఉన్నాయి.

బట్ట పేరు దారి వేరు. అరబ్బీలో "ఖుత్న్" అంటే పత్తి. అరబ్బుల నుంచి స్పెయిన్, ఇటలీ మీదుగా ఫ్రెంచిలోకి "కొతోన్" అని వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ రాక డూమ్స్‌డే లెక్కల తర్వాతి మాట. రెండు వేర్వేరు భాషల నుంచి, వేర్వేరు కాలాల్లో బయలుదేరిన మాటలు వర్ణక్రమంలో ఒకే చోటికి చేరాయి. రాత ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన దగ్గర ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు మంచాన్ని "కాట్" అంటారు కదా, దానికీ ఈ గుడిసె "కొట్"కీ బంధుత్వం లేదు. ఆ మంచం మన దేశం నుంచే వెళ్ళింది, హిందీ "ఖాట్" అది. గుడిసె "కొట్" మాత్రం "కాటేజ్" అనే మాటలో ఇంకా బతికే ఉంది.

విజయ_లెస్టర్

ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది. నేను లెస్టర్‌లో ఉంటాను. మా చుట్టుపక్కల, అంటే ఇంగ్లండు నడిమధ్య జిల్లాల్లో, ఈ కోటన్‌లు బోలెడు. ఇక్కడ "కోటన్" అని దీర్ఘం తీసి పలుకుతారు.

ఎన్ని ఉన్నాయంటే, ఏ కోటన్ అని గుర్తుపట్టడానికి తోక తగిలించాల్సి వచ్చింది. డార్బీషైర్‌లో "కోటన్ ఇన్ ది ఎల్మ్స్" ఉంది, ఎల్మ్ చెట్ల మధ్య కోటన్ అని. స్టాఫర్డ్‌షైర్‌లో "కోటన్ ఇన్ ది క్లే" ఉంది, బంకమట్టి నేలలో కోటన్. వారిక్‌షైర్‌లో నన్ఈటన్ పక్కన "చిల్వర్స్ కోటన్". నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ 1819లో పుట్టింది ఆ పారిష్‌లోనే. నార్తాంప్టన్‌లో "ఫార్ కాటన్" అని ఒక పేటే ఉంది. కేంబ్రిడ్జ్ పక్కన ఇంకో కోటన్.

వీటిలో నాకు బాగా గుర్తుండిపోయింది కోటన్ ఇన్ ది ఎల్మ్స్. బ్రిటన్‌లో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు ఆ ఊరి పక్కనున్న ఒక పొలమేనట. ఏ తీరానికి వెళ్ళాలన్నా దాదాపు 113 కిలోమీటర్లు. నదుల నీళ్ళ కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఇంటిపేరుతో ఉన్న ఊరికి సముద్రం ఇంత దూరమా అనిపించింది.

"కొట్" ఒక్క కోటన్‌లోనే కాదు, చాలా ఊళ్ళ పేర్ల చివర కూర్చుంటుంది. డిడ్‌కాట్, స్వాడ్లింకోట్, కాల్డికోట్. వాటి నుంచి ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. ప్రెస్కాట్ అంటే పూజారుల గుడిసె. వెస్ట్‌కాట్ పడమటి గుడిసె, నార్త్‌కాట్ ఉత్తరపు గుడిసె. డెవన్ వైపు ఈ "కాట్" పేర్లు మరీ ఎక్కువ.

లలిత_కాకినాడ

అమ్మయ్య, ఎన్నాళ్ళకి ఒక మంచి చర్చ! విజయ గారూ, పాతకాగితం గారూ, మీ ఇద్దరికీ ధన్యవాదాలు.

నాకొక సందేహం. గుడిసెలంటే ఎవరి గుడిసెలు? ఊరన్నాక అన్నీ ఇళ్ళే కదా, ఒక ఊరిని ప్రత్యేకంగా "గుడిసెలు" అని ఎందుకు పిలిచారు? పైగా కాటన్ గారిది పెద్ద జమీందారీ కుటుంబం అని విన్నాను. అంత గొప్పవాళ్ళకి గుడిసెల పేరేంటి?

పాతకాగితం

లలిత గారూ, అసలు విషయం అక్కడే ఉంది.

పెద్ద ఊరికి పొలాలు, గుడి, దొరగారి ఇల్లు ఉండేవి. ఆ ఊరి పొలిమేరలో, లేదా కాస్త దూరంగా, సొంత భూమి లేనివాళ్ళూ చారెడు నేల మాత్రమే ఉన్నవాళ్ళూ వేసుకున్న నాలుగు ఇళ్ళ గుంపును "కొట్‌లు" అనేవారు. డూమ్స్‌డేలో ఈ జనానికి "కొటారీ" అని వేరే పద్దు ఉంది. ఇంటి వెనక కాస్త దొడ్డి, మహా అయితే నాలుగైదు ఎకరాలు, వారంలో కొన్ని రోజులు దొర పొలంలో పని. కొన్ని చోట్ల గొర్రెల కోసం, పశువుల కోసం వేసిన పాకలనూ అదే మాటతో పిలిచారు. అందుకే కోటన్‌లలో చాలా వరకు పెద్ద ఊరికి అనుబంధంగా పుట్టిన శివారు పల్లెలే.

ఇక గొప్పవాళ్ళకి ఆ పేరెలా వచ్చిందంటే, రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఆ పల్లె మీద హక్కు సంపాదించిన ఆసామి. ఆ భూమి తనది కాబట్టి "కోటన్ దొర" అని ఊరి పేరే తన పేరు చేసుకుంటాడు. రెండోది మామూలు మనిషి దారి. అతను కోటన్‌లో ఉన్నంత కాలం ఎవరూ అతన్ని కోటన్ అని పిలవరు, ఎందుకంటే అక్కడ అందరిదీ కోటనే. బతుకుతెరువు కోసం ఇంకో ఊరికి పోతే అక్కడివాళ్ళు "ఆ కోటన్ నుంచి వచ్చిన జాన్" అంటారు. అది అతని పిల్లలకి అంటుకుంటుంది.

కాబట్టి ఒక మామూలు ఇంగ్లీషు కుటుంబానికి ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, వాళ్ళ పూర్వీకుడు ఏదో ఒక రోజు ఆ ఊరు వదిలేశాడని అర్థం చేసుకోవచ్చు. 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు చూస్తే ఇలాంటి పేర్లు సొంత ఊరి చుట్టూ పది, పదిహేను మైళ్ళ లోపు ఊళ్ళలో ఎక్కువగా కనిపిస్తాయి. అప్పట్లో మనుషులు సాధారణంగా ఆ మాత్రం దూరమే కదిలేవారు.

అమలాపురం_మాస్టారు

నేను తెలుగు పంతులుగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఇంగ్లీషు పేర్ల చరిత్ర నాకు తెలియదు గానీ, పాతకాగితం గారు "కొటుమ్" అనగానే లేచి కూర్చున్నాను. ఎందుకో చెబుతాను.

మన ఇంటిపేర్లు చూడండి. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు వేమూరు, ఇంటిపేరు వేమూరి. కొండవీడు అయితే కొండవీటి. చింతలపాడు అయితే చింతలపాటి. ఊరి పేరు ఉన్నది ఉన్నట్టుగా ఇంటిపేరు కాలేదు. ఔపవిభక్తికం చేరి, అంటే విభక్తి తగలడానికి సిద్ధమైన రూపంలోకి మారి, ఆ రూపంలోనే గడ్డకట్టింది. ఊరిలో, ఊరికి, ఊరి నుంచి అని దేనికైనా ఆధారం ఆ "ఊరి" అనే రూపమే. కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది, పెరిగింది రాజమహేంద్రవరంలో. వారి పూర్వీకుల కందుకూరు ఆ "రి" అక్షరంలో దాగి ఉంది.

ఇంగ్లీషువాళ్ళది మన భాషకి ఏ చుట్టరికమూ లేని భాష. అయినా వాళ్ళ ఊరి పేరు కూడా విభక్తితో సహా గడ్డకట్టింది. "కొట్" అనే మాట కాక "కొటుమ్" అనే రూపం నిలిచింది. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకి ఆ విభక్తులు పోయి ఎన్నో వందల ఏళ్ళయింది, పేర్లలో మాత్రం మిగిలాయి. మన పిల్లలకి ఔపవిభక్తికం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ దొరికి ఉంటే ఎంత బాగుండేదో!

ఇలాంటివి ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయా? దయచేసి చెప్పండి.

పాతకాగితం

మాస్టారూ, నమస్కారం. ఉన్నాయి, చాలానే ఉన్నాయి.

పాత ఇంగ్లీషులో కోటని "బుర్హ్" అనేవారు. "కోట దగ్గర" అంటే "బ్యురిగ్". మొదటి రూపం నుంచి బరో, బర్గ్ వచ్చాయి. రెండో రూపం నుంచి "బరీ" వచ్చింది, శాలిస్‌బరీ, కాంటర్‌బరీ చివర ఉన్నది అదే. మాట ఒకటే, విభక్తి తేడా.

"కొత్త ఊరు" తీసుకోండి. న్యూటన్ అంటే కొత్త ఊరు, కొత్త పొలం. మన కొత్తపల్లి లాంటిది. "కొత్త ఊరి దగ్గర" అని చెప్పేటప్పుడు "కొత్త" అనే మాట చివర "అన్" చేరేది. అది అలాగే నిలిచిపోయిన చోట ఊరి పేరు న్యూయింగ్టన్ అయింది. న్యూటన్, న్యూయింగ్టన్ రెండిటి అర్థమూ ఒకటే. "కొత్త ఇళ్ళ దగ్గర" అనేది న్యూషమ్ అయింది.

"దగ్గర" అనే మాటే పేరుకి అతుక్కుపోయినవీ ఉన్నాయి. అడవి దగ్గర ఉన్నవాడు అట్‌వుడ్. నీళ్ళ దగ్గర ఉన్నవాడు అట్‌వాటర్. ఆష్ చెట్టు దగ్గర ఉన్నవాణ్ణి "అటెన్ ఆష్" అనేవారు. ఆ "అటెన్"లోని చివరి నకారం మాత్రం చెట్టుకి అంటుకుని, మిగిలింది రాలిపోయి, "నాష్" అనే ఇంటిపేరు మిగిలింది. ఓక్ చెట్ల దగ్గరివాడు ఇదే పద్ధతిలో నోక్స్ అయ్యాడు. కాకపోతే ఇవి ఫలానా ఊరి పేర్లు కావు. ఇంటి పక్కనున్న చెట్టు, వాగు, గుట్ట పేర్లు. హిల్, వుడ్, బ్రూక్ లాంటివి కూడా ఈ కోవలోవే.

అమలాపురం_మాస్టారు

నకారం చెట్టుకి అంటుకుందా! ఈ ఒక్క ముక్క చాలు నాకు ఈ రోజుకి. చిరంజీవ.

సూరి_ధవళేశ్వరం

మాస్టారూ, పాతకాగితం గారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తోంది అండి. మా అమ్మాయి ప్రతి పోస్టూ చదువుతోంది. ఇప్పుడు దాని ప్రశ్న: ఇన్ని కోటన్‌లు ఉన్నాయి కదా, మన దొరగారిది ఏ కోటన్?

పాతకాగితం

ఆర్థర్ కాటన్ గారిది కాంబర్‌మియర్ కాటన్ల కుటుంబం. కాంబర్‌మియర్ అంటే చెషైర్, ష్రాప్‌షైర్ జిల్లాల సరిహద్దులో ఉన్న పాత క్రైస్తవ మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు దీన్ని 1539లో తన కొలువులో ఉన్న సర్ జార్జ్ కాటన్‌కి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ కుటుంబం అక్కడ ఉంది. అంతకు ముందు తమది ష్రాప్‌షైర్‌లో వెమ్ పట్టణం దగ్గరున్న కాటన్ అని ఆ కుటుంబం చెప్పుకుంది. ఆ ఊరికీ మఠానికీ దూరం కొద్ది మైళ్ళే. తలపన్ను జాబితాల గురించి పైన చెప్పినట్టు, వీళ్ళు కూడా పుట్టిన పల్లెకి ఎంతో దూరం పోలేదు.

ఆర్థర్ గారి తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ ఆ వంశంలో చిన్న కొడుకుల్లో ఒకరు. ఎస్టేటు పెద్దవాడికి పోయేది, చిన్నవాళ్ళ పిల్లలు సైన్యం, చర్చి, కంపెనీ కొలువు చూసుకునేవారు. ఆర్థర్ గారు 1803లో పుట్టి, మద్రాసు ఇంజనీర్లలో చేరి ఇటు వచ్చారు. మన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ కూడా ఇండియాలో పేరున్నవాడే. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు, 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్నాడు. ఒకే ఇంటిపేరుతో ఒకరు కోట కూల్చడానికి, ఒకరు నదికి కట్ట వేయడానికి వచ్చారు. నా మనసు ఎవరి వైపో చెప్పక్కర్లేదు.

ఖమ్మం_శ్రీను

పాతకాగితం గారూ, మీరు చెప్పింది నాకు నచ్చింది. ఇంకొక్కటి అడుగుత. కాటన్ దొరకి పత్తి వ్యాపారంతో పని ఉందని ఎక్కడో విన్న. అదన్నా నిజమేనా?

పాతకాగితం

నిజమే. బహుశా బావగారి మాటకి మూలం అదే కావచ్చు. గోదావరి పై భాగంలో పడవలు నడిచేలా చేస్తే బేరార్ పత్తిని నీటి దారిలో సముద్రానికి తేవచ్చని ఆయన గట్టిగా వాదించారు. రైళ్ళ కంటే కాలువలు చవక అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట. ఆ పై గోదావరి పనులు కొంత కాలం సాగి 1871లో ఆగిపోయాయి. పత్తితో ఆయనకు పని పడింది. ఇంటిపేరుతో మాత్రం పత్తికి పని లేదు.

కిరణ్_డాలస్

హలో అందరికీ. అమెరికా చరిత్రలో జాన్ కాటన్ అని 17వ శతాబ్దపు పెద్ద మతబోధకుడు వస్తాడు, బోస్టన్‌లో. ఆయన మనవడి పేరు కాటన్ మాదర్. వీళ్ళూ మన కాటన్ గారూ ఒకే వంశమా? అలాగే వాషింగ్టన్ కూడా ఊరి పేరేనా?

విజయ_లెస్టర్

కిరణ్ గారూ, జాన్ కాటన్ పుట్టింది డార్బీలో, 1585లో. కాటన్ మాదర్ తల్లి ఆయన కూతురు. అమ్మ పుట్టింటి పేరును కొడుక్కి అసలు పేరుగా పెట్టారు. లండన్‌లో పాత గ్రంథాలు పోగుచేసిన సర్ రాబర్ట్ కాటన్ అని ఇంకొకాయన ఉన్నారు, 1571 నుంచి 1631. ఆయన సేకరణ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం రాతప్రతి ఆయన వల్లే మనకి దక్కింది. ఇంటిపేరు ఒకటే కదా అని వీళ్ళందరినీ ఒక చెట్టుకి కట్టేయకూడదు. ఇన్ని కోటన్‌లు ఉన్నప్పుడు ఒక్కో పల్లె నుంచి ఒక్కో కుటుంబం విడివిడిగా బయలుదేరి ఉంటుంది. మన దగ్గర ఒకే ఇంటిపేరు వాళ్ళకి వేర్వేరు గోత్రాలు ఉండట్లేదా?

వాషింగ్టన్ సంగతి: అవును, ఊరి పేరే. ఇంగ్లండు ఈశాన్యంలో, పాత డరమ్ జిల్లాలో వాషింగ్టన్ ఉంది. 12వ శతాబ్దం చివర్లో హార్ట్‌బర్న్‌కి చెందిన విలియం అనే ఆసామి ఆ ఊరికి మారి, హార్ట్‌బర్న్ పేరు వదిలేసి "డి వెసింగ్టన్" అయ్యాడు. తండ్రి ఇంటిపేరే కొడుక్కి రావాలన్న నియమం అప్పటికి గట్టిపడలేదు. ఊరు మారితే పేరూ మారేది. అతను మారకపోయి ఉంటే మీ రాజధాని పేరు హార్ట్‌బర్న్ అయ్యేదేమో.

పాతకాగితం

విజయ గారి గోత్రాల మాటకి కొనసాగింపు. ఈ విషయం మీద జన్యు పరీక్షలు కూడా చేశారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్, ఇంటిపేరూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి రెండూ పోల్చవచ్చు. 2000లో బ్రయన్ సైక్స్ అనే శాస్త్రవేత్త తన ఇంటిపేరున్న మగవాళ్ళనే పరీక్షిస్తే దాదాపు సగం మందిలో ఒకే రకం కనిపించింది. సైక్స్ కూడా నేలని బట్టి వచ్చిన పేరే, చిన్న నీటి కాలువ అని అర్థం. తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ చాలా ఇంటిపేర్ల మీద చేసిన పరిశోధనలో తేలిందేమంటే, పేరు ఎంత అరుదైతే ఆ పేరున్నవాళ్ళు అంత దగ్గరి బంధువులు. స్మిత్‌ల మధ్య చుట్టరికం వెతకడం దండగ. అటెన్‌బరో లాంటి పేరైతే చాలామంది ఒకే మూలపురుషుడి దగ్గరికి చేరతారు, ఎందుకంటే ఆ పేరున్న ఊరు నాటింగమ్‌షైర్‌లో ఒక్కటే. కాటన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

కిరణ్_డాలస్

గాంధీ సినిమా తీసిన అటెన్‌బరో! అంటే ఆయన పేరు "కోట దగ్గర" అని అన్నమాట. పైన చెప్పిన "అటెన్" లెక్క ప్రకారం సరిపోయింది కదా?

పాతకాగితం

అలా అనిపించడం సహజం. కానీ ఆ ఊరి పాత రాతలు చూస్తే మొదటి భాగం ఒక మనిషి పేరు. అడ్డ అనో ఆ దగ్గరి రూపమో ఉన్న ఆసామి కోట అని అర్థం. వినడానికి ఎంత సరిపోయినా పాత రూపం చూడకుండా తేల్చకూడదు అనేది ఇందుకే. కాటన్‌లలో కూడా సఫోక్ జిల్లాలో ఉన్న కాటన్ వేరే రకం. దాని పాత రూపాల్లో మధ్యలో డకారం ఉంది. కొడ్డ అనే మనిషి పొలం అని పండితులు అంటారు. అక్కడి నుంచి ఇంటిపేరు వచ్చినవాళ్ళకి గుడిసెల అర్థం వర్తించదు.

లలిత_కాకినాడ

నాకు మాత్రం మన కాటన్ గారి పేరుకి గుడిసెల అర్థమే ఉన్నందుకు ఎంతో తృప్తిగా ఉంది. 1830ల కరువులో ఈ గోదావరి జిల్లాలో జనం ఎలా అల్లాడిపోయారో మా పెద్దవాళ్ళు తమ పెద్దల నోట విన్న కథలుగా చెప్పేవారు. ఆ పూరి ఇళ్ళకి అన్నం పెట్టిన మనిషి ఆయన.

ఖమ్మం_శ్రీను

బాగా చెప్పినవ్ అక్కా. నా ఆఫీసులో ఒక వెస్ట్‌కాట్ ఉన్నడు, లండన్ టీంలో. రేపు కాల్‌లో "మీ వాళ్ళది డెవన్ వైపా" అని అడుగుత.

విజయ_లెస్టర్

తప్పకుండా అడగండి శ్రీను గారూ, ఏమన్నారో ఇక్కడ రాయండి. ఇక్కడివాళ్ళలో చాలామందికి తమ ఇంటిపేరు ఏ ఊరిదో తెలియదు, అడిగితే సంబరపడతారు.

సూరి గారూ, మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. పెద్ద చదువుకి ఇటు వస్తే కోటన్‌లు చూపించే పూచీ నాది. కేంబ్రిడ్జ్‌లో చదివే మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఊరికి పడమరగా కోటన్‌కి సైకిల్ దారి ఉంది, ఆదివారం పూట వెళ్ళి రావచ్చు. ఊరి పేరు బోర్డు దగ్గర ఫోటో తీసి ఈ చర్చలో పెట్టండి, మాస్టారు చూస్తారు.